నయీమ్ రషీద్: గురువు, తండ్రి, షహీద్



పాకిస్తాన్‌లోని అబ్బోటాబాద్‌కు చెందిన నయీమ్ రషీద్ బ్యాంకు ఉద్యోగం వదలి, కుటుంబంతో న్యూజిలాండ్‌కు వలసవెళ్ళి ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. ముగ్గురు కుమారుల తండ్రి ఆయన.

2019 మార్చి 15, శుక్రవారం. క్రైస్ట్‌చర్చ్ నగరంలోని అల్ నూర్ మసీదులో జుమా నమాజుకు పెద్ద కుమారుడు తల్హాతో కలిసి హాజరయ్యారు. తుపాకీతో చొరబడిన శ్వేతజాతి దురహంకారి మీదికి వట్టి చేతులతో దూకారు. ఆ కొద్ది క్షణాలలో పలువురు ప్రాణాలతో బయటపడ్డారు. తండ్రీకొడుకులిద్దరూ షహీద్ అయ్యారు. ఆనాడు రెండు మసీదులపై జరిగిన దాడులలో మరణించిన 51 మందిలో మన హైదరాబాదు బిడ్డలూ ఉన్నారు.

భర్తనూ కుమారుణ్ణీ ఒకేసారి పోగొట్టుకున్న ఆయన సతీమణి పగ పలుకలేదు. ప్రేమ ఎరుగని ఆ హంతకుడి హృదయాన్ని చూచి జాలిపడ్డారు. ఆ ఇంటి సంస్కారం అటువంటిది.

2022లో న్యూజిలాండ్ ప్రభుత్వం పౌర సాహసానికిచ్చే అత్యున్నత పురస్కారమైన న్యూజిలాండ్ క్రాస్‌ను ఆయనకు మరణానంతరం ప్రకటించింది. అది సముచితమే. అయితే మిత్రులారా, తాను ఈ నేలవాడినని రుజువు చేసుకోవడానికి ఏ ముస్లిమూ, ఏ వలసదారూ ప్రాణమివ్వవలసిన అగత్యం ఉండరాదు. తరగతిలో పాఠం చెప్పిననాడు, బిడ్డల చేయి పట్టి నడిపించిననాడు కూడా నయీమ్ అదే గౌరవానికి అర్హులు. మనం కోరే హక్కు అదే.

అల్లాహ్ వారికి జన్నత్ ప్రసాదించుగాక. ఆమీన్.