సన్న గీత ఖరీదు: డీడో, బొడోని ఫాంట్ల కథ



వోగ్ మ్యాగజైన్ కవర్ మీద పేరు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? మొదటి అక్షరం ‘వి’లో ఒక గీత బాగా లావు, రెండోది వెంట్రుకంత సన్నం. ఈ తేడానే కాంట్రాస్ట్ అంటారు. గీతల చివర్లో ఉండే చిన్న అడ్డగీతలు సెరిఫ్‌లు. ఈ రెండూ ఉన్న ఫాంట్ పెడితే పెర్ఫ్యూమ్ సీసా అయినా, పెళ్లి కార్డయినా రిచ్‌గా కనిపిస్తుంది. ఎందుకలా?

దానికి 18వ శతాబ్దంలోకి వెళ్లాలి. అప్పట్లో అక్షరాలంటే సీసం కలిపిన లోహంతో పోతపోసిన అచ్చులు. కాగితం గరుకుగా ఉండేది, దాని మీద సన్న గీత శుభ్రంగా పడేది కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ నున్నటి కాగితం, మంచి సిరా వాడి 1757లో తన మొదటి పుస్తకం వేశాడు. ఆ దారిలో ఇంకా ముందుకెళ్లినవాళ్లు ఇద్దరు: పారిస్‌లో ఫిర్మిన్ డీడో, ఇటలీలోని పార్మాలో జాంబాటిస్టా బొడోని. బొడోని పార్మా డ్యూక్ గారి ప్రెస్ నడిపేవాడు. పెద్ద అక్షరాలు, చుట్టూ బోలెడంత ఖాళీ, మేలు రకం కాగితం. అంటే ఈ అక్షరాలు మొదటినుంచీ డబ్బున్నవాళ్ల పుస్తకాల్లోనే పెరిగాయన్నమాట!

ఇప్పుడు అసలు పాయింట్. ఈ సన్న గీత పెద్ద సైజులోనే అందం. సైజు తగ్గిస్తే అదే ముందు మాయమవుతుంది. అందుకే 1992లో హార్పర్స్ బజార్ మ్యాగజైన్‌కి కొత్త రూపం ఇచ్చినప్పుడు జొనాథన్ హోఫ్లర్ డీడో అక్షరాల్ని 7 వేర్వేరు సైజులకి విడివిడిగా గీశాడు. చిన్న సైజుకి సన్న గీత కాస్త లావు, పెద్ద సైజుకి ఇంకా సన్నం.

మన ఫోన్‌లో ఏం చేస్తాం? ఒకే ఫాంట్‌ని వేళ్లతో లాగి చిన్నది చేసేస్తాం. కొత్తగా బొటిక్ పెట్టిన అమ్మాయి లోగో చేసుకుందనుకోండి. లాప్‌టాప్‌లో అదిరిపోతుంది. ఇన్‌స్టా ప్రొఫైల్ గుండ్రంలో ‘హెచ్’ చూస్తే రెండు విడి కర్రలు! షాపు పేరే చదవలేకపోతే కస్టమర్ ఎలా వెతుక్కుంటారు?

తెలుగులో ఇంకా జాగ్రత్త. ప కీ ఫ కీ తేడా కింద ఉన్న ఒక్క చిన్న గీతే. అది పోతే మాటే మారిపోతుంది.

కాబట్టి మూడు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఈ రకం ఫాంట్ పేరుకీ హెడ్డింగ్‌కీ మాత్రమే. ఫోన్ నంబరు, అడ్రస్ మామూలు ఫాంట్‌లో పెట్టండి. రెండు, ఫొటో మీద కాకుండా ప్లెయిన్ రంగు మీద వాడండి. మూడు, చుట్టూ ఖాళీ వదలండి, ఆ ఖాళీలోనే సగం లుక్ ఉంది.

గూగుల్ ఫాంట్స్‌లో బొడోని మోడా, ప్లేఫెయిర్ డిస్‌ప్లే ఉచితంగా దొరుకుతాయి. లోగో చేశాక గోరంత సైజుకి తగ్గించి, ఇంట్లో అమ్మకో నాన్నకో చూపించండి. తడుముకోకుండా చదివితే ఓకే. లేదంటే ఫాంట్ మార్చేయండి.

ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.