రక్తం అడిగేవాళ్లను మనం ఏం అడగాల?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి వచ్చిన ఆదివాసీ యువత ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)



మందుల పరిశోధన గురించి మాట్లాడతానంటే పెనుకొండ తమ్ముడొకడు పొద్దున్నే అడిగినాడు, "పట్టాలు, బ్యాక్‌లాగ్ పోస్టులు వదిలేసి ఇదేం టాపిక్ అన్నా?" అని. న్యాయమైన ప్రశ్నే. భూమి కాగితం మీద సంతకం పెట్టమంటే మనం పదిమందిని అడుగుతాం, వీఆర్వోను కూడా నమ్మం. అదే తెల్లకోటు వేసుకున్నాయన వచ్చి రక్తం కావాలంటే మాట్లాడకుండా చెయ్యి చాపేస్తాం. ఆ రక్తం ఎక్కడికి పోతాంది, దాని నుంచి ఏం పుడతాంది, పుట్టింది మళ్లీ మన ఇంటికి వస్తాందా? ఈ పొద్దు నేను మాట్లాడేది అంతే.

సికిల్ సెల్ అనే జబ్బు పేరు విన్నారా? మన సుగాలి, ఎరుకల, యానాది ఇళ్లలో ఈ పక్క పెద్దగా వినపడదు. పాడేరు, అరకు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు పోతే కోయ, గోండు, కొండ తెగల పిల్లల్లో ఉంది. మన రక్తంలో ఎర్ర కణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. సన్న నరాల్లో కూడా వంగి, దూరి పోతాయి. ఈ జబ్బున్న వాళ్లలో అవే కణాలు కొడవలి మాదిరి వంగి గట్టిపడతాయి. సన్న నరాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోట ఎముక లోపల నుంచి నొప్పి లేస్తుంది. మామూలు ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతికితే, ఇది పది ఇరవై రోజులకే చచ్చిపోతుంది. అందుకే ఆ పిల్లలకు ఎప్పుడూ రక్తం తక్కువ, కళ్లు పచ్చగా ఉంటాయి.

దీనికంతా కారణం ఒక్క అక్షరం తప్పు. హిమోగ్లోబిన్ తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారింది. అమ్మ నుంచి, నాయన నుంచి రెండు వైపులా అదే మారిన జన్యువు వస్తేనే జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే జబ్బు రాదు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. 1954లో ఆంథోనీ అలిసన్ అనే డాక్టరు తూర్పు ఆఫ్రికాలో పనిచేసి ఈ సంగతి చూపించినాడు. మలేరియా ఉన్న అడవుల్లో తరతరాలు బతికినోళ్లలోనే ఈ జన్యువు ఎందుకు నిలబడిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఎవరి శాపమూ కాదు, ఎవరి రక్తమూ చెడ్డది కాదు.

ఒక మాట పక్కన చెప్తా. "తెగ లోపలే పెళ్లిళ్లు చేసుకుంటారు కాబట్టి మీకీ జబ్బులు" అని మనల్ని చులకనగా మాట్లాడేవాళ్లు ఉంటారు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా హార్వర్డ్ వాళ్లు కలిసి 2017లో ఒక పరిశోధన అచ్చు వేసినారు. మన హిందూపురం బజారులో అంగళ్లు పెట్టుకున్న వైశ్యుల్లో కూడా, కులం లోపలే వందల ఏళ్లు పెళ్లిళ్లు జరిగినందువల్ల, ఒక జన్యు లోపం మామూలు కంటే చాలా ఎక్కువగా ఉంది. ఆపరేషన్‌లో వాడే ఒకరకం మందు ఇస్తే వాళ్లలో కొందరికి కండరాలు చాలాసేపు తేరుకోవు, ఊపిరి ఆడదు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు ఇస్తాడు, అంతే. వాళ్లనెవరూ వెనకబడిన రక్తం అనరు కదా? మనల్నీ అనకూడదు.

ఇంక మందుల సంగతి. ఈ జబ్బుతో పుట్టిన పసిపిల్లలకు మొదటి నెలల్లో నొప్పి రాదు. 1948లోనే న్యూయార్కులో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరమ్మ దీన్ని పట్టుకుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, అది కొడవలి కానీయదు. పుట్టిన కొన్ని నెలలకు ఒంట్లో ఒక స్విచ్ ఆ రకాన్ని ఆపేస్తుంది. ఆ స్విచ్‌ని మళ్లీ వేస్తే? ఇన్నేళ్ల పరిశోధనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. హైడ్రాక్సీయూరియా అనే పాత క్యాన్సర్ మందు ఆ హిమోగ్లోబిన్‌ని కొంత పెంచుతుందని తేలింది. 1995లో వచ్చిన అమెరికా పరిశోధనలో నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గినాయి. ఇది ఖరీదైన మందేం కాదు, రోజూ వేసుకునే మాత్ర. 2008లో ఆ స్విచ్ ఏ జన్యువో దొరికింది. 2023 డిసెంబర్ 8న అమెరికా ప్రభుత్వం క్యాస్‌జెవీ అనే చికిత్సకు అనుమతి ఇచ్చింది. రోగి మజ్జలో పుట్టే మూలకణాలు బయటికి తీసి, ల్యాబ్‌లో క్రిస్పర్ అనే కత్తెరతో ఆ స్విచ్‌ని కత్తిరించి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. ఎక్కించే ముందు కీమోథెరపీ ఇచ్చి పాత మజ్జను ఖాళీ చెయ్యాల. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాల. ఖర్చు 22 లక్షల డాలర్లు. మన లెక్కలో 18 కోట్ల పైనే.

కొత్త మందు అనగానే మంచి మందు అనుకోవద్దు కూడా. 2019లో వోక్సెలోటర్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో, ప్రయోగాల్లో మరణాలు, నొప్పి దాడులు ఎక్కువగా కనిపిస్తున్నాయని కంపెనీయే ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది.

మన దేశంలో ఏం జరుగుతాంది? 2023 జులై 1న మధ్యప్రదేశ్ షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టినారు. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి రక్త పరీక్ష చెయ్యాలని లక్ష్యం. 2025 నవంబర్‌లో ఢిల్లీ ఐజీఐబీ సంస్థ తయారుచేసిన దేశీ క్రిస్పర్ చికిత్సను కేంద్ర మంత్రి ప్రకటించినారు. దానికి బిర్సా 101 అని పేరు పెట్టినారు. బిర్సా ముండా 150వ జయంతి ఏడాది కదా. నాకు ఆ పేరు వింటే గర్వంగానే ఉంది. మన దేశంలోనే తక్కువ ఖర్చుతో చెయ్యాలనుకోవడం మంచిదే. కానీ పేరు మనది పెట్టినంత మాత్రాన మందు మనదైపోదు. అది ఇంకా మనుషుల మీద పరీక్షల్లో నెగ్గాల. నెగ్గినాక కూడా కీమో ఇవ్వగల ఆసుపత్రి అడవికి ఎంత దూరంలో ఉంటుంది? అందాకా ఆ చవక మాత్ర, హైడ్రాక్సీయూరియా, పీహెచ్‌సీలో నెల నెలా తప్పకుండా దొరుకుతాందా? నా వరకు మొదటి డిమాండ్ ఇదే. కత్తెర తర్వాత సంగతి, ముందు మాత్ర.

రెండో సంగతి, మనల్ని అడిగే పద్ధతి. 2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినారు. అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. చాలామంది హాస్టల్ పిల్లలు, ఆదివాసీ పిల్లలు. అది పరిశోధన అని వాళ్ల ఇళ్లకు తెలీదు, ప్రభుత్వ టీకా అనుకున్నారు. తర్వాత చూస్తే, 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు! అమ్మానాన్నలు బతికే ఉన్నారు, ఊళ్లోనే ఉన్నారు. ఖమ్మం, గుజరాత్ వడోదర రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయినాక 2010 ఏప్రిల్‌లో ఆపేసినారు. చావులకు టీకా కారణమని తేలలేదని విచారణ కమిటీ చెప్పింది. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపుతుంది, మన చెల్లెళ్లకు వేయించాల్సిందే, ఎవరూ తప్పుగా అర్థం చేసుకోవద్దు. నేను చెప్పేది సంతకం గురించి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా దాన్నే గట్టిగా తప్పుపట్టింది.

అమెరికాలో గ్రాండ్ క్యాన్యన్ లోయలో హవాసుపాయి అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్లలో షుగరు జబ్బు ఎక్కువ. 1990 నుంచి ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు షుగరు పరిశోధన అని రక్తం తీసుకున్నారు. అదే రక్తం మీద, చెప్పకుండా, మతిస్థిమితం జబ్బు గురించి, లోపలి పెళ్లిళ్ల గురించి, "మీరెక్కడి నుంచి వలస వచ్చినారు" అనే దాని గురించి కూడా పనిచేసినారు. 2003లో ఆ తెగ అమ్మాయి ఒకామె యూనివర్సిటీలో ఒక ఉపన్యాసం వింటూ, ఈ రక్తం మావాళ్లదే కదా, దీనికి అనుమతి ఉందా అని లేచి అడిగింది. కేసు వేసినారు. 2010లో యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగి అప్పజెప్పింది. ఒక్క అమ్మాయి లేచి అడిగితే ఇంత జరిగింది. ఆ లేచి అడిగే పని మన డిగ్రీ చదివిన పిల్లలది.

ఇది మన దాకా రాదు అనుకోవద్దప్పా. బెంగళూరు మనకు రెండు మూడు గంటల దారి. వలంటీరుగా వచ్చి మందు మింగి రెండు రాత్రులు పడుకుంటే డబ్బులిస్తాం అని మీలో కొందరి ఫోన్లకు మెసేజులు వచ్చింటాయి. పోవద్దని నేను చెప్పను, మీ ఇష్టం, మీ ఒళ్లు. పోయే ముందు ఇది సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదైందా చూడండి, అదేం కష్టం కాదు, ఫోన్లోనే కనపడుతుంది. ఒంటికి దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చేయిస్తారు, నష్టపరిహారం ఎవరిస్తారు అని అడగండి. 2019 నిబంధనల ప్రకారం అది మన హక్కు. మధ్యలో వద్దనుకుంటే లేచి వచ్చేయొచ్చు, ఆపే హక్కు ఎవరికీ లేదు. తండాకు వచ్చి రక్తం అడిగితే, దేనికి, ఎన్నాళ్లు దాచిపెడతారు, వేరే పనికి వాడతారా, రిపోర్టు మా చేతికిస్తారా అని అడగండి. పెద్దాయన సరే అన్నాడు కదా అని ఇంటింటా అడగడం మానకూడదు. పెద్దల అనుమతి వేరు, మనిషి అనుమతి వేరు అని ఐసీఎంఆర్ తన మార్గదర్శకాల్లోనే రాసుకుంది.

చదువు రాని అవ్వలకు కాగితం చదివి వినిపించి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు కూర్చోవాలనేది కూడా నియమమే. ఆ సాక్షిగా మీరు కూర్చోండి. గోర్ బోలీలోనో, ఎరుకల మాటలోనో మళ్లీ చెప్పండి. అర్థమైందా అని అడగొద్దు, "ఏం అర్థమైందో నువ్వే చెప్పు అవ్వా" అని అడగండి.

ఈ ప్రశ్నలన్నీ తెలుగులో ఒక పేజీ మీద రాసి వెనక బెంచీ మీద పెట్టినాం. తండాకు ఒకటి చొప్పున తీసుకుపోండి. ధర్మవరం వాళ్లకు బస్సు టైం అవుతాంది, ముందు వాళ్లను తీసుకోనీయండి.