జాడ తెలియని జవానుకు సభలో ఒక ఆసనము

పంచాయతీ సభ్యులారా!

తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమును మనవారు మిలిటరీ మాధవరమని పిలుతురు. రెండు ప్రపంచ యుద్ధములందును ఆ యూరివారు పోరాడిరి. సైన్యమున చేరుట అచ్చట తరతరముల వాడుక. వీరుల స్మృతికై వారు గ్రామమున స్మారకమును నిర్మించుకొనిరి. దానిచెంత పూలమాల యుంచినపుడు మృతవీరుని ఇంటివారికి కొంత ఊరట కలుగును. కాని మరణించెనో, శత్రువు చెరలో నుండెనో తెలియని సైనికుని ఇంటివారు మాల ఎచ్చట నుంచవలెను?

1962 చైనా యుద్ధమున చెరపడిన మనవారు వేలమంది మరుసటి సంవత్సరము ఇల్లు చేరిరి. 1965, 1971 యుద్ధములలో పాకిస్తానునకు చిక్కిరని మన ప్రభుత్వము భావించుచున్న 54 మంది మాత్రము నేటికిని రాలేదు. తమవద్ద ఎవరును లేరని ఆ దేశము చెప్పుచున్నది. 2007లో కొందరి బంధువులు అచ్చటి చెరసాలలకు వెళ్లి వెదకిరి గాని తమవారు కానరాలేదు.

అట్టి యింటి వెత వేరు. పుష్కరములకు కోటిలింగాల రేవున అందరును పిండములు పెట్టుచుండగా, తాము పెట్టవలెనో మానవలెనో తెలియక గట్టున నిలుచుట ఎంత కష్టము! ఇల్లాలు పసుపుకుంకుమలు దాల్చిన ఒకరు, మానిన ఒకరు మాటలాడుదురు. పండ్రెండేండ్లు వేచి, దర్భలతో ప్రతిమ చేసి సంస్కారము జరుపు ఆచారము కలదు. చట్టము ఏడేండ్ల గడువు చెప్పును. ఏది పాటింపవలెనో ఆ యింటివారే నిర్ణయించుకొనవలెను. పెద్దలు తొందరపెట్టరాదని మా అభిప్రాయము.

వియత్నాము యుద్ధకాలము నుండి అమెరికా సైనికుల భోజనశాలలలో ఒక చిన్న బల్ల వేయు మర్యాద యేర్పడినది. దానిపై తెల్లని గుడ్డ, ఒక గులాబి, నిమ్మబద్ద, చిటికెడు ఉప్పు, బోర్లించిన గ్లాసు ఉండును. కుర్చీ ఖాళీగా నుండును. నిమ్మ చేదైన విధికి, ఉప్పు ఇంటివారి కన్నీటికి గుర్తులట. మన యిండ్లలో ఉప్పును నిమ్మకాయయు దిష్టి తీయుటకు గదా! కావున వానిని యథాతథముగా తెచ్చుకొన పనిలేదు. ఖాళీ కుర్చీ చాలును. అది అతడు చనిపోయెనని చెప్పదు, వచ్చునని మాట ఇవ్వదు. చోటు మాత్రము ఉంచును.

మీ గ్రామమున అట్టి కుటుంబమున్నచో, ముందుగా వారి సమ్మతి గైకొనుడు. వారు వలదన్నచో విడిచిపెట్టుడు. సమ్మతించినచో, ఆగస్టు 15న గాని, డిసెంబరు 7న సాయుధదళాల పతాక దినమున గాని సభ ముందువరుసలో ఒక ఆసనము వేసి, దాని ప్రక్కన కాళ్లు కడుగుకొనుటకు చెంబెడు నీరుంచుడు. ఇంటికి వచ్చువానికి మనము చేయు మర్యాద అదియే గదా! ఛాయాచిత్రమునకు దండ వేయరాదు; పేరునకు ముందు స్వర్గీయ అనరాదు. దీనికి పంచాయతీ నిధినుండి పైసయు వ్యయము కాదు. ఉపన్యాసములు వలదు; మావంటివారివి అసలే వలదు.

ఊరినుండి సైన్యమునకు వెళ్లినవారి పేరు, దళము, సైనికసంఖ్య ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు ఉత్తరము వ్రాయవలసి వచ్చినపుడు ఇంటివారికి ఇది అక్కరకు వచ్చును. సభలో సైనికుల పేర్లు చదువునపుడు ఆ పేరును వారితో పాటే చదివి, బదులునకు ఆగినట్లు ఒక నిమిషము ఆగి, పిదప తక్కిన పేర్లు చదువవచ్చును.