పరిచయం లేని చోట సాక్ష్యం

 

ఇవాళ పట్టా అందుకుంటున్న మీలో చాలామంది ఇళ్లలో ఈ సాయంత్రం నుంచే ఒక ప్రశ్న మొదలవుతుంది. "బీటెక్ అయిపోయింది కదా, ఇప్పుడు ఏం కోర్సు చేస్తున్నావు?" మేనమామ అడుగుతాడు, పక్కింటాయన అడుగుతాడు. హైదరాబాదులో ముందే ఉద్యోగంలో చేరిన సీనియర్ ఫోన్ చేసి, "ఎడబ్ల్యూఎస్ చెయ్‌రా, లేదంటే సేల్స్‌ఫోర్స్ చెయ్, సర్టిఫికేషన్ ఉంటేనే రెజ్యూమే చూస్తున్నారు" అంటాడు. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు చెప్పడానికే వచ్చాను. సర్టిఫికేషన్ చెయ్యండి. చేసే ముందు అది ఎందుకు పుట్టిందో, దేనివల్ల దానికి విలువ వస్తుందో, ఎవరి చేతిలో అది చిత్తుకాగితం అవుతుందో తెలుసుకోండి.

కంప్యూటర్ పనిలో ఉన్నవాళ్లకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇవ్వడం పాత సంగతే. అమెరికాలో డేటా ప్రాసెసింగ్ సర్టిఫికెట్ కోసం 1962లోనే పరీక్ష జరిగింది. తర్వాతి కాలంలో ఆ పనిని కంపెనీలు అందుకున్నాయి. 1989లో నావెల్, 1992లో మైక్రోసాఫ్ట్, 1993లో సిస్కో తమ తమ సరుకు మీద పనిచేసే ఇంజనీర్లకు పరీక్షలు మొదలుపెట్టాయి. వాటిలో సిస్కో వారి సీసీఐఈ గురించి కాస్త వివరంగా చెప్పాలి. సర్టిఫికేషన్ అంటే ఎలా ఉండాలో నాకు అర్థమైంది దానివల్లే.

సీసీఐఈ నెగ్గినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక నంబరు ఇస్తారు. ఆ వరుస ఒకటితో మొదలుకాలేదు, 1024తో మొదలైంది. రెండును పదిసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య అది, కంప్యూటర్ వాళ్లకు ప్రియమైన సంఖ్య. ఆ తొలి నంబరును వాళ్లు మనిషికి ఇవ్వలేదు, పరీక్ష జరిగే ల్యాబ్‌కే ఇచ్చారు. తొలి గౌరవం ఆ గదికి దక్కడం నాకెంతో సబబుగా తోస్తుంది. ఆ రోజుల్లో అది రెండు రోజుల పరీక్ష. ముందు అభ్యర్థి ఎదురుగా ఉన్న రౌటర్లనూ స్విచ్‌లనూ కలిపి నెట్‌వర్క్ కట్టాలి. అది పనిచేశాక పరీక్షకులు దాన్ని కావాలని చెడగొట్టేవారు. ఎక్కడ చెడిందో వెతికి పట్టుకుని, గడువులోగా మళ్లీ నిలబెట్టాలి. 2001లో దాన్ని ఒక్కరోజుకు కుదించినా, ఎనిమిది గంటల ఆ పరీక్షలో చేత్తో పని చేసి చూపించక తప్పదు.

రెడ్‌హ్యాట్ వారి లినక్స్ పరీక్షలూ ఈ బాటలోనివే. అక్కడ ఎ, బి, సి, డి లలో ఒకటి ఎంచుకునే పని లేదు. ఒక యంత్రం ఇస్తారు, పనులు చెబుతారు, చెయ్యాలి. అన్నిటికన్నా నాకు నచ్చిన నియమం ఏమిటంటే, మీరు చేసినదంతా యంత్రాన్ని రీబూట్ చేశాక కూడా నిలవాలి. అప్పటికప్పుడు నడిచి, ఆపి మళ్లీ ఆన్ చేస్తే మాయమయ్యే పనికి మార్కులు లేవు. కుబర్‌నెటిస్ పరీక్ష సీకేఏలో అయితే అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోవచ్చు. రెండు గంటల సమయంలో తెలియనివాడికి ఆ పుస్తకం ఏ సాయమూ చెయ్యదు, తెలిసినవాడికి ఎక్కడ వెతకాలో తెలుసు.

ఇలాంటి పరీక్ష అవసరం ఎవరికి ఎక్కువో ఆలోచించండి. పెద్ద విద్యాసంస్థలో చదివిన కుర్రాడి రెజ్యూమేకు ఆ సంస్థ పేరే సిఫారసు. నగరంలో ఇద్దరు ముగ్గురు మేనేజర్లు బంధువులుగా ఉన్నవాళ్లకు రిఫరల్ దొరుకుతుంది. మీ కాలేజీ పేరు బెంగళూరులో కూర్చున్న మేనేజర్‌కు తెలియదు. మీ అధ్యాపకులు ఎంత శ్రద్ధగా చెప్పారో, కరెంటు పోయిన రాత్రి మీరు ఫోన్ వెలుగులో ఎంత చదివారో అతనికి తెలిసే దారి లేదు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి దగ్గర మీ తరఫున ఒక మాట చెప్పే సాక్షి కావాలి. నిజాయితీగా నెగ్గిన సర్టిఫికేషన్ ఆ సాక్షి. ఊరు అడగని, కులం అడగని, తండ్రి ఏం చేస్తాడో అడగని సాక్షి. అందుకే దాని పరువు కాపాడవలసిన బాధ్యత అందరికన్నా మీ మీదే ఎక్కువ ఉంది.

ఆ పరువు ఎలా పోతుందో కూడా చరిత్రలో ఉంది. 1990లలో నావెల్ వారి సీఎన్‌ఈ సర్టిఫికెట్‌కు గొప్ప గిరాకీ. గిరాకీ చూసి జనం ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టి నెగ్గడం మొదలుపెట్టారు. సర్టిఫికెట్ ఉంది, సర్వర్ ముందు కూర్చోబెడితే చెయ్యి కదలదు. వాళ్లకు పరిశ్రమ 'పేపర్ సీఎన్‌ఈ' అని పేరు పెట్టింది. తర్వాత మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల వంతు వచ్చి, 'పేపర్ ఎంసీఎస్‌ఈ' అన్న మాట పుట్టింది. రాత్రింబగళ్లు కష్టపడి నేర్చుకుని నెగ్గినవాళ్లు కూడా ఆ పేరు మోశారు.

మన దగ్గర ఈ బట్టీ సరుకు పేరు డంప్స్. హైదరాబాదు అమీర్‌పేట గురించి తెలియని ఇంజనీరింగ్ విద్యార్థి మన రెండు రాష్ట్రాల్లో ఉండడు. మైత్రీవనం చుట్టూ ఉన్న ఆ ఇరుకు సందుల్లో, కుర్చీకి కుర్చీ తగిలే గదుల్లో, కొద్దిపాటి ఫీజుకే పనిలో తలపండిన గురువుల దగ్గర వేలాదిమంది జావా, ఒరాకిల్, లినక్స్ నేర్చుకుని బాగుపడ్డారు. హాస్టల్ గదిలో ఆరుగురు ఉంటూ, తెల్లవారుజామున బ్యాచ్‌కు పరుగెత్తినవాళ్లు ఇవాళ ప్రపంచమంతటా ఉన్నారు. ఆ చోటంటే నాకు గౌరవం. అలాంటి చదువు పక్కనే ఇంకో వ్యాపారమూ పెరిగింది. పరీక్షలో వచ్చే ప్రశ్నలు పీడీఎఫ్‌గా అమ్ముతారు. "మీరు చదవక్కర్లేదు, మా వాడే రాసిపెడతాడు" అంటారు. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు సృష్టిస్తారు. ఇంటర్వ్యూలో మీ బదులు ఇంకొకరు మాట్లాడతారు, మీరు పెదవులు కదిపితే చాలు. బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు గుంజుతారు. ఈ మాటలు మీకు కొత్త కాదని మీ ముఖాలు చూస్తేనే తెలుస్తోంది.

పట్టుబడితే ఏమవుతుందో ముందు చెబుతాను. పరీక్ష సంస్థలు సర్టిఫికెట్ రద్దు చేస్తాయి, మళ్లీ రాయకుండా నిషేధిస్తాయి. ఉద్యోగంలో చేరాక బయటపడితే తీసేస్తారు. ఇవన్నీ మీకు జరిగే నష్టాలు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి. ఒక ఊరి నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు దొంగ కాగితాలతో దొరికిపోతే, మూడోసారి అదే ఊరి పేరున్న రెజ్యూమే వచ్చినప్పుడు మేనేజర్ కళ్లు చిట్లిస్తాడు. ఆ మూడో రెజ్యూమే మీ జూనియర్‌ది. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. డంప్స్ కొన్నవాడు దొంగిలించింది ఆ పిల్ల సాక్ష్యాన్ని. అందుకే దీన్ని నేను చిన్న తప్పుగా చూడలేను.

నేను చాలాకాలంగా కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేస్తున్నాను. సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇవ్వను, సర్టిఫికెట్ చూసి ప్రశ్న ఎంచుకుంటాను. "సర్వర్‌కు పింగ్ వెళ్తోంది, బ్రౌజర్‌లో పేజీ మాత్రం రావడం లేదు. ఏం చేస్తావు?" అని అడుగుతాను. డంప్స్ చదివినవాళ్లు వెంటనే ఒక జవాబు చెబుతారు. చేత్తో నేర్చుకున్నవాళ్లు నన్నే ఎదురు ప్రశ్నలు అడుగుతారు. అందరికీ రావడం లేదా, ఒక్కరికేనా? నిన్న వచ్చిందా? ఐపీ అడ్రస్‌తో కొడితే వస్తోందా? 443 పోర్టు తెరిచే ఉందా? సైట్ సర్టిఫికెట్ గడువు తీరిందేమో చూశారా? ఈ ప్రశ్నలే నాకు కావాలి.

ఒకమ్మాయి గుర్తుంది. చదివింది ఎలక్ట్రికల్ బ్రాంచి, లినక్స్ సర్టిఫికేషన్ చేసి వచ్చింది. తయారవుతున్నప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టినదేమిటని అడిగాను. ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో డిస్క్ పేరు ఒక అక్షరం తేడాగా రాసిందట. రీబూట్ చేస్తే యంత్రం ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. నెట్ కోసం తన ఫోన్ తప్ప ఏమీ లేదు. రాత్రి రెండింటి దాకా కూర్చుని, ఆ ఫైల్‌ను మళ్లీ రాయడానికి వీలుగా డిస్క్‌ను ఎలా మౌంట్ చెయ్యాలో కనిపెట్టి సరిచేసింది. అప్పట్నుంచి రీబూట్ చేసే ముందు మౌంట్ కమాండ్‌తో సరిచూసుకోవడం అలవాటు చేసుకున్నానని చెప్పింది. ఆ జవాబు విన్నాక నేను ఆమెను వేరే ప్రశ్న అడగలేదు. ఆ సర్టిఫికెట్ ఆమెను నా ముందుకు తెచ్చింది, ఆ రాత్రి ఆమెకు ఉద్యోగం తెచ్చింది.

పరీక్షకు అందనిది కూడా చాలా ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రాత్రిపూట డేటాబేస్ సమస్యతో కుస్తీ పడుతూ, ఒక సర్వర్‌లో తుడవాల్సిన ఫోల్డర్‌ను వేరే సర్వర్‌లో తుడిచేశాడు. ఆపేలోగా సుమారు 300 జీబీ పోయింది. బ్యాకప్‌లు ఉండాలి కదా అని వెతికారు. రోజూ తీయాల్సిన బ్యాకప్ చాలాకాలంగా విఫలమవుతోంది, విఫలమైందని వెళ్లిన ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. అదృష్టంకొద్దీ ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ దొరికింది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా ప్రపంచానికి రాసింది, కోలుకునే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. బ్యాకప్ ఎందుకు తీసుకోవాలన్న ప్రశ్న చాలా సర్టిఫికేషన్లలో వస్తుంది, అందరూ సరిగ్గానే రాస్తారు. తీసిన బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందో లేదో నెలకోసారి పెట్టి చూసే ఓపిక మాత్రం ఉద్యోగంలో, మంచి సహచరుల పక్కన కూర్చుని నేర్చుకోవలసిందే. చేసిన పొరపాటును ఉన్నదున్నట్టు రాసిపెట్టే గుణం కూడా అంతే.

డబ్బు సంగతి. మీలో చాలామంది ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ చదివినవాళ్లు. సిస్కో వారి సీసీఎన్‌ఏ పరీక్ష ఫీజు 300 డాలర్లు, అంటే పాతికవేల రూపాయలకు పైమాటే. ఎడబ్ల్యూఎస్ అసోసియేట్ స్థాయి పరీక్ష 150 డాలర్లు. నాన్న దగ్గర అడిగే ముందు ఉచితంగా దొరికేదంతా వాడుకోండి. సిస్కో ప్యాకెట్ ట్రేసర్‌తో పైసా ఖర్చు లేకుండా నెట్‌వర్క్‌లు కట్టవచ్చు. పాత ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకుని లినక్స్‌ను ఎన్నిసార్లయినా పాడుచేసి బాగుచెయ్యవచ్చు. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు. క్లౌడ్‌లో ఖాతా తెరిస్తే మొదటిరోజే బిల్లు అలారం పెట్టుకోండి, ఆపడం మర్చిపోయిన సర్వర్ నెలాఖరుకు మీ అమ్మ పొదుపును మింగుతుంది. నాలుగు సర్టిఫికెట్లు వరుసగా కొనుక్కోవద్దు. చేత్తో పరీక్షించేది ఒకటి ఎంచుకోండి, అది కుదరకపోతే చేత్తో సాధన చేసి ఏదైనా ఒకటి రాయండి.

అదీ శాశ్వతం కాదు. సీసీఎన్‌ఏ గడువు మూడేళ్లు, సీకేఏ గడువు ఇప్పుడు రెండేళ్లు. ఒకప్పుడు రెజ్యూమే మీద మెరిసిన ఎంసీఎస్‌ఈని మైక్రోసాఫ్ట్ 2021 జనవరిలో నిలిపివేసింది. నావెల్ నెట్‌వేర్ పేరే మీలో చాలామంది విని ఉండరు. కానీ నెట్‌వేర్ మీద పనిచేస్తూ ప్యాకెట్ ఎలా ప్రయాణిస్తుందో అర్థం చేసుకున్నవాళ్లు విండోస్‌కూ లినక్స్‌కూ క్లౌడ్‌కూ తేలిగ్గా మారారు. మూడో సంవత్సరంలో మీరు విసుక్కుంటూ చదివిన కంప్యూటర్ నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకాలను అమ్మేయకండి. ఇలాంటి సర్టిఫికేషన్ల సిలబస్‌లో చాలా భాగం వాటిలోనే ఉంది.

ఇక కృత్రిమ మేధ ఉండగా ఇవన్నీ ఎందుకని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. కాన్ఫిగరేషన్ రాసిమ్మంటే అది క్షణాల్లో రాస్తుంది. దాన్ని ఆసుపత్రి సర్వర్ మీద నడపవచ్చునా కూడదా అని తేల్చి, నడిపిన దానికి జవాబుదారీగా నిలబడే మనిషి కావాలి. అది రాసింది తప్పని గుర్తుపట్టాలంటే ఒప్పు ఎలా ఉంటుందో మీకు ముందే తెలిసి ఉండాలి.

చివరగా రెండు విన్నపాలు. ఒకటి యాజమాన్యానికి, ప్రిన్సిపాల్ గారికి. సాయంత్రం తరగతులు అయిపోగానే కంప్యూటర్ ల్యాబ్‌కు తాళం వెయ్యకండి. రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచండి. కొన్ని పాత యంత్రాలను పిల్లలకు పాడుచెయ్యడానికి వదిలెయ్యండి. ఇంట్లో ల్యాప్‌టాప్ లేని విద్యార్థికి అంతకు మించిన స్కాలర్‌షిప్ ఉండదు.

రెండోది మీకు. ఎవరి బదులూ పరీక్ష రాయకండి, మీ బదులు ఎవరినీ రాయనివ్వకండి. నెగ్గిన తర్వాత ఒక శనివారం వీలు చూసుకుని ఈ కాలేజీకి రండి. ఏం సాధించారో చెప్పడానికి వేదిక ఎక్కనక్కర్లేదు. ల్యాబ్‌లో జూనియర్ల పక్కన కూర్చుని, మీకు రాత్రులు పట్టిన పని వాళ్లకు ఒక పూటలో చూపించి వెళ్లండి.