మాత్ర ఎందుకు మానుతారు?



మధుమేహానికి మాత్రలు రాయించుకొన్నవారు వాటిని మధ్యలో మానితే "అశ్రద్ధ" అని తీర్పు చెప్పడం సులువు. కాని దీర్ఘవ్యాధులకు మందులను చెప్పిన ప్రకారం వాడేవారు సంపన్న దేశాలలోనే సగటున సగంమంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో తెలిపింది. అంతమందినీ అశ్రద్ధాపరులనడం న్యాయం కాదు.

మందులను ఇంటివద్దకే చేర్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న ఈ కృష్ణగిరి జిల్లాలోనే ఆరంభమైంది. అయినా గడప దాటి లోపలికి వచ్చిన మాత్ర గొంతు దిగని ఇళ్ళున్నాయి. పన్ను నొప్పి మనిషిని వైద్యుని వద్దకు తరుముతుంది. చక్కెర అలా తరమదు. పైగా పరీక్షలో అంకె తగ్గగానే నయమైందనుకొంటారు. మాత్ర వల్ల తగ్గిన అంకె, మాత్ర మానితే చాలామందిలో మళ్ళీ పెరుగుతుంది.

పని వేళల చిక్కు మరొకటి. చీటీపై 1-0-1 అని ఉంటుంది: ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. హోసూరు కర్మాగారాలలో రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారి నిద్రించే కార్మికునికి ఏది ఉదయం, ఏది రాత్రి? గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకొని, తినకుండా పడుకొంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఒకసారి చెమటలు పట్టి చేతులు వణికినవాడు ఆ మాత్రను మళ్ళీ ముట్టడానికి జంకుతాడు. మెట్‌ఫార్మిన్‌తో కడుపు ఉబ్బరం, విరేచనాలు కలిగినవారూ అంతే. భోజనంతోపాటు వేసుకొంటే, తక్కువ మోతాదుతో మొదలుపెడితే ఆ బాధ చాలామందికి తగ్గుతుంది. అడిగినవారికే ఆ సంగతి తెలుస్తుంది.

అన్నిటికన్న హాని చేసేది దాపరికం. వైద్యుడు కోప్పడతాడని రోగి "వేసుకొంటున్నాను" అంటాడు. కోప్పడే వైద్యులూ లేకపోలేదు. సుమారు మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ ఎక్కువగా కనబడగానే, మందు చాలలేదని ఆయన మోతాదు పెంచుతాడు. ఆ పెంచిన మాత్రలను ఇంట్లో కోడలు లెక్కపెట్టి తప్పక వేయించిననాడు, పెద్దాయనకు చక్కెర ఒక్కసారిగా పడిపోయే ముప్పు ఉంది.

మిగిలిపోయిన మాత్రలను అలమరలో దాచక, తరువాతి పరీక్షకు సంచిలో వేసుకొని వెళ్ళవచ్చు. షిఫ్టు పనివారు తమ భోజన, నిద్ర వేళలను చీటీ వెనుక రాసి చూపవచ్చు. వాటినిబట్టి మాత్ర వేళలను మార్చి రాయడం వైద్యునికి కొద్ది నిమిషాల పని.