కోచ్ గొప్పా, ఆటగాళ్లు గొప్పా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫిల్ జాక్సన్ కోచ్‌గా 11 టైటిళ్లు గెలిచాడు. అన్ని గెలిచిన కోచ్ మరొకరు లేరు. అయినా ఒక మాట ఆయన్ని వదల్లేదు. మైకేల్ జోర్డాన్ లాంటి ఆటగాడు ఉంటే ఎవరైనా గెలుస్తారు అని.

నిజమేనా? జాక్సన్ రాకముందు సంగతి చూద్దాం. జోర్డాన్ చికాగో బుల్స్ జట్టులోకి 1984లోనే వచ్చాడు. జాక్సన్ హెడ్ కోచ్ అయింది 1989లో. ఆ మధ్యలో ఒక్క టైటిలూ లేదు. తర్వాత లాస్ ఏంజెలెస్ లేకర్స్‌లోనూ అదే కథ. షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ లాంటి మేటి ఆటగాళ్లు అప్పటికే ఉన్నారు. వాళ్లకు టైటిల్ మాత్రం జాక్సన్ వచ్చాకే.

అసలు పరీక్ష ఇంకొకటి ఉంది. 1993లో జోర్డాన్ ఉన్నట్టుండి ఆట మానేశాడు. ఇక బుల్స్ పని అయిపోయినట్టే కదా? కాలేదండీ! అతను ఉండగా అంతకుముందు సీజన్‌లో 57 మ్యాచ్‌లు గెలిచిన జట్టు, అతను లేకుండా తర్వాతి సీజన్‌లో 55 గెలిచింది. తేడా రెండంటే రెండే. టైటిల్ మాత్రం రాలేదు. అదీ చెప్పుకోవాలి.

ఇంకో సంగతి. జాక్సన్ ఆడించిన ట్రయాంగిల్ అనే ఆట పద్ధతి వెనక ఉన్నది సహాయ కోచ్ టెక్స్ వింటర్. ఆ పేరు ఎంతమందికి గుర్తుంది? జాక్సన్‌కు వచ్చిన పేరులో వింటర్‌కూ వాటా ఉంది. అది తీసేసినా జాక్సన్ ఖ్యాతి నిలబడుతుందనే నా లెక్క.

ఏ కోచ్ గురించైనా ఈ రెండే అడగండి. ఆయన రాకముందు ఆ జట్టు ఎలా ఉండేది? మేటి ఆటగాడు వెళ్లిపోయాక ఎలా ఆడింది?