ఒక్క రోజు ప్రయాణం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున మాట్లాడమంటే డి.ఎ. బకాయిల గురించో, 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా తీర్పు గురించో మాట్లాడటం మనకు ఆనవాయితీ. అవి నాకంటే బాగా తెలిసినవారు వేదిక మీదనే ఉన్నారు. నేను ఊళ్లు చూడటం గురించి నాలుగు మాటలు మనవి చేసి కూర్చుంటాను.

మా అబ్బాయికి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం. మనం బడిలో హాలండ్ అని చదువుకున్న దేశమే. మేమిద్దరం అక్కడ ఉన్నన్నాళ్లు సెలవు వస్తే చాలు, పొద్దున బయలుదేరి ఒక చిన్న ఊరు చూసి రాత్రి భోజనానికి ఇల్లు చేరేవాళ్లం. డెల్ఫ్ట్‌లో నీలిరంగు పింగాణీ, జాన్సే స్ఖాన్స్‌లో గాలిమరలు చూశాం. అన్నిటికంటే గీథూర్న్ అనే పల్లె బాగుంది. పాత ఊళ్లో మోటారు బండ్లు తిరిగే రోడ్డే లేదు. ఇంటి ముందు కాలువ, కాలువ మీద చిన్న వంతెన, రాకపోకలకు పడవ. ఆ కాలువలు అందం కోసం తవ్వినవి కావు. పీట్ అనే నల్లమట్టిని తవ్వి, ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునేవారట. ఆ తవ్వకాలతోనే కాలువలూ చెరువులూ ఏర్పడ్డాయి. పొట్టకూటికి తవ్విన గుంటలను చూడటానికి ఇవాళ లోకమంతా వస్తోంది.

పడవలో కూర్చుని మా ఆవిడ, "మన తాండూర్ల బండలు తీసిన గుంతలల్ల గూడ నీళ్లుంటయ్ గదా" అన్నది. నవ్వాను గాని, ఆ మాట మనసులో నిలిచిపోయింది.

మన సర్వీసంతా ఈ రెండు ఊళ్ల మధ్యనే గడిచింది. తాండూరువారు వికారాబాదుకు ఆఫీసు పని మీద వస్తారు, వికారాబాదువారు తాండూరుకు పెండ్లికి పోతారు. చూడటానికి పోయినవారు ఎందరు? 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది. ఆ దారి మీదనే మన రెండు ఊళ్లూ ఉన్నాయి. నడుమ దూరం దాదాపు 40 కిలోమీటర్లు. వికారాబాదు అన్న పేరు పాయెగా నవాబు వికారుల్ ఉమ్రా మీదుగా వచ్చింది. ఆయన 1893 నుంచి 1901 వరకు నిజాం దివానుగా చేశారు.

అనంతగిరి సంగతి వినండి. మూసీ నది పుట్టింది ఇక్కడ. తూర్పుగా పారి, హైదరాబాదు నడుమ నుంచి పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన ఏరు ఇదే. కాగ్నా కూడా ఈ గుట్టలలోనే పుట్టి, పడమరగా తాండూరు మీదుగా పోతుంది. రాష్ట్రకూటుల రాజధాని మల్ఖేడు దాని ఒడ్డునే ఉంది. తరువాత భీమలో కలుస్తుంది, భీమ కృష్ణలో కలుస్తుంది. గుట్ట మీద పడ్డ వాన ఒక పక్కది తూర్పుకు, ఒక పక్కది పడమరకు పోయి చివరికి ఒకే నదికి చేరుతుంది. ఇంత విడ్డూరం మనకు ఆటో దూరంలో ఉన్నది! అనంత పద్మనాభస్వామి దర్శనానికి వెళ్లినవారు కూడా కొబ్బరికాయ కొట్టి తిరిగి వస్తారే గాని, నీరు ఏ వైపు పోతున్నదని చూడరు. ఒకప్పుడు క్షయరోగులకు గాలి మంచిదని శానిటోరియం కట్టింది కూడా ఆ గుట్టమీదనే.

ఇక తాండూరు. సున్నపురాయి పొరలు పొరలుగా ఉండటం వల్ల బండలుగా ఊడి వస్తుంది. నీలం రకం, పసుపు రకం ఉన్నాయి. మనలో సగంమంది ఇండ్లల్లో కాళ్లకింద ఉన్నది ఆ బండే. పాలిషింగు మిషను కింద గరుకు బండ అద్దంలా తేలడం ఒక్కసారి నిలబడి చూడండి. గనుల గుంతల అంచుకు మాత్రం పోవద్దు, అవి గీథూర్న్ కాలువలు కావు. వచ్చేటప్పుడు కందిపప్పు తెచ్చుకోండి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బజారులో ఒకే బేరంలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి. దానికి టికెట్టు లేదు.

నా పక్క కుర్చీలో పదకొండేండ్లు పనిచేసిన మిత్రుడొకరు మూసీ పుట్టిన చోటు చూడాలనేవారు. అమ్మాయి పెండ్లి అయ్యాక అన్నారు, రిటైరయ్యాక అన్నారు, మోకాలు ఆపరేషను అయ్యాక అన్నారు. పోయిన ఏడాది కాలం చేశారు. వారి భార్య ఫ్యామిలీ పెన్షనరు. లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే రోజు తప్ప గడప దాటరు. అలాంటి అక్కయ్యలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఈ మాట ఎత్తింది ముఖ్యంగా వారి కోసం.

సీనియర్ సిటిజన్లకు రైల్వే ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయిన మాట నిజమే. అయినా ప్యాసింజరు రైలు చార్జి మనకు భారం కాదు. ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సులలో ఆడవారికి 2023 డిసెంబరు నుంచి ఉచితం.

కాబట్టి వచ్చే నెల రెండో ఆదివారం వికారాబాదువారు తాండూరుకు, ఆ పై నెల తాండూరువారు అనంతగిరికి పోదామని ప్రతిపాదిస్తున్నాను. పేర్లు కోశాధికారి గారికి ఇవ్వండి. మెట్లు ఎక్కలేనివారు ముందే చెబితే ఆటో మాట్లాడతాం. మధ్యాహ్నం మాత్రలు, నీళ్ల సీసా ఎవరివి వారే తెచ్చుకోవాలి. పక్కింట్లో మన ఫ్యామిలీ పెన్షనరు ఎవరైనా ఉంటే వారి పేరు కూడా మీరే రాయించండి, అడిగితే వద్దనే అంటారు.